ట్యాంకులో ఏముందో మా భాషలో చెప్పండి
గంజాం తీరం నుంచి ఒక బహిరంగ లేఖ

ఒడిశా ప్రభుత్వ ఇంధన శాఖ, పరిశ్రమల శాఖ కార్యదర్శులకు, గంజాం జిల్లా కలెక్టరు గారికి,

నమస్కారం.

ఈ లేఖ తెలుగులో ఎందుకని మీ కార్యాలయంలో ఎవరైనా అడగవచ్చు. నాకు ఒడియా వచ్చు. సంతలోనూ బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ ఒడియాలోనే మాట్లాడతాను. మా కోడలు ఒడియా పిల్ల. అయితే రాయడం మాత్రం చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరాల్లోనే చేతనవుతుంది. దేశంలోనో రాష్ట్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నపం ఇచ్చుకోవచ్చునని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతోంది కూడా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడినప్పుడు సరిహద్దు గీత మాకు దక్షిణంగా పడింది. మేము ఉన్నచోటే ఉన్నాము.

గోపాల్‌పూర్ చుట్టుపక్కల తీరంలో మావాళ్ళను నోలియాలంటారు. మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. నాకు సముద్రం పడలేదు, తెప్ప ఎక్కితే వాంతులు. అందుకని నన్ను ఐసు ఫ్యాక్టరీలో పెట్టారు. ఇరవై ఆరేళ్ళు కంప్రెసర్ దగ్గర పనిచేశాను. హైడ్రోజన్ గురించి మాట్లాడే అర్హత నాకు ఎక్కడిదంటే, ఆ ఇరవై ఆరేళ్ళదే. ఎలాగో చెబుతాను.

2023 నుంచి గోపాల్‌పూర్ పారిశ్రామిక వాడలో హరిత హైడ్రోజన్, హరిత అమ్మోనియా కర్మాగారాలకు ఒప్పందాలు జరుగుతున్నాయని పత్రికల్లో చదువుతున్నాము. బొగ్గు కరెంటు కాకుండా ఎండ, గాలి కరెంటుతో నీటిని విడగొట్టి తీసేదాన్ని హరిత హైడ్రోజన్ అంటారు, దానితో చేసేది హరిత అమ్మోనియా. ఒడిశాలో తయారయ్యే అమ్మోనియాను ఏటా 4 లక్షల టన్నులు జపాన్‌కు పంపడానికి 2024 జనవరిలో ఒప్పందం కుదిరిందనీ చదివాము. వార్తల్లో అందరూ హైడ్రోజన్, హైడ్రోజన్ అంటారు. అది గాలి కన్నా పద్నాలుగు రెట్లు తేలిక. ద్రవంగా మార్చాలంటే సున్నాకు 253 డిగ్రీల కిందికి చల్లబరచాలి. ఓడలో నింపి దేశాలు దాటించడం తలకు మించిన పని. అందుకని దాన్ని గాలిలోని నత్రజనితో కలిపి అమ్మోనియా చేస్తారు. అమ్మోనియాకు సున్నా కింద 33 డిగ్రీలు చాలు, ద్రవమై కూర్చుంటుంది. అంటే మా ఊళ్ళ పక్కన ట్యాంకుల్లో నిలవ ఉండబోయేదీ, గొట్టాల్లో రేవుకు పోబోయేదీ ముఖ్యంగా అమ్మోనియా. దాన్ని నేను ఎరుగుదును.

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మను గట్టిపరిచేది అదే. ఉప్పునీళ్ళ తొట్టెలో మంచినీళ్ళ డబ్బాలు వరుసగా దించుతాము. తొట్టె అడుగున గొట్టాల్లో అమ్మోనియా తిరుగుతూ వేడిని లాక్కుంటుంది. వాసనను బట్టి ఎక్కడ కారుతోందో మాకు సుమారుగా తెలిసిపోతుంది. అనుమానం ఉంటే గంధకపు వత్తి వెలిగించి గొట్టం పొడవునా తిప్పుతాము, లీకు ఉన్నచోట తెల్లటి పొగ లేస్తుంది. ఇరవై ఏళ్ళ కిందట ఒక వేసవి రాత్రి వత్తి వెలిగించే వ్యవధి కూడా లేకపోయింది. కంప్రెసర్ సీలు ఒక్కసారిగా పోయింది. గది నిండా తెల్లటి మంచు, కళ్ళలో కారం కొట్టినట్టు మంట. నేను తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుని, నేల మీద పాకుతూ వెళ్ళి వాల్వు కట్టేశాను.

లోపల జరిగింది అంతే. అసలు ఘోరం బయట జరిగింది. వాచ్‌మన్ కేకలు వేస్తూ గాలి వీచే వైపుకే పరుగెత్తాడు, మేఘం అతని వెంటే వచ్చింది. అతన్ని చూసి పక్క వాడలోని ఆడవాళ్ళు పిల్లలను చంకనేసుకుని అదే దారిన పరుగెత్తారు. గాలికి అడ్డంగా యాభై అడుగులు పక్కకు జరిగి ఉంటే వాళ్ళకు ఏమీ అయ్యేది కాదు. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ వాడలో సగం మంది నా చుట్టాలే. ప్రాణాలు పోలేదు కాని, వారం రోజులు అందరి కళ్ళూ చింతనిప్పులే. మరునాడు యాజమాన్యం పాల ప్యాకెట్లు పంచిపెట్టింది.

మా ఫ్యాక్టరీ మొత్తంలో తిరిగేది టన్నుకు అటూ ఇటూ. ఎగుమతి ట్యాంకులో ఉండేది వేల టన్నులు.

నేను ఈ కర్మాగారాలకు వ్యతిరేకిని కాను. ఈ లేఖ చూసి ఎవరైనా ఉద్యమం మొదలైందనుకుంటే పొరపాటు. బొగ్గు పొగకు ఒడిశా చెల్లించినంత మూల్యం తక్కువ రాష్ట్రాలు చెల్లించి ఉంటాయి. హైడ్రోజన్ ఎక్కడ పనికొస్తుందో నాకు అర్థమైన మేరకు చెబుతాను. ఇనుప ఖనిజమంటే ఆక్సిజన్ పట్టుకుని వదలని ఇనుము. కొలిమిలో బొగ్గు ఆ ఆక్సిజన్‌ను ఊడబెరికి, తాను బొగ్గుపులుసు వాయువై (కార్బన్ డయాక్సైడ్) పొగగొట్టంలోంచి పోతుంది. బొగ్గు బదులు హైడ్రోజన్ ఆ పని చేస్తే చివరికి మిగిలేది నీటి ఆవిరి. స్వీడన్‌లో 2021లో ఆ విధంగా ఉక్కు చేసి చూపించారు. దేశంలో అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ ఉక్కు చేసే ఒడిశాకు ఇంతకన్నా కావలసినది ఏముంది? ఎరువుల సంగతీ అంతే. యూరియాకైనా డీఏపీకైనా మూలం అమ్మోనియా, అది ఇప్పుడు వస్తున్నది సహజవాయువు నుంచి. 2025లో కేంద్ర సౌరశక్తి సంస్థ సెకీ నిర్వహించిన తొలి వేలంలో పారాదీప్ ఎరువుల కర్మాగారానికి ఏటా 75 వేల టన్నుల హరిత అమ్మోనియా సరఫరాకు కిలో 55 రూపాయల 75 పైసల ధర పలికింది. ఈ మాట వినగానే సంతోషపడ్డాను, ఎందుకంటే అది ఓడెక్కి పోయేది కాదు, మన పొలాల్లోకి వచ్చేది.

మోటారు సైకిళ్ళకూ కార్లకూ హైడ్రోజన్ అనేవాళ్ళ మాట మాత్రం నాకు ఎక్కదు. కరెంటుతో నీటిని విడగొట్టి, ఆ వాయువును బిగించి నింపి, బండిలో మళ్ళీ కరెంటు చేసేసరికి మొదటి కరెంటులో మూడో వంతు కూడా చక్రానికి చేరదు. అదే కరెంటు బ్యాటరీలో పెడితే ముప్పావు వంతు చేరుతుంది. దూరాలు పోయే బరువు లారీలకైతే ఆలోచించవచ్చు. 2025 మార్చిలో కేంద్రం 37 హైడ్రోజన్ బస్సులు, లారీలతో ప్రయోగాలకు అనుమతి ఇచ్చింది. వాటిలో భువనేశ్వర్, కోణార్క్, పూరీ దారి ఒకటి. విశాఖపట్నం నుంచి బయ్యవరం దాకా 16వ నంబరు జాతీయ రహదారి ఇంకొకటి. భువనేశ్వర్ నుంచి విశాఖకు ఆ రహదారి పోయేది మా బరంపురం మీదుగానే. మా చేపల లారీలు రాత్రంతా దాని మీదే హౌరాకూ చెన్నైకీ పరుగెడతాయి. నింపే బంకు ఒకటి బరంపురంలో ఎప్పుడు పెడతారో మీకే తెలియాలి. తొందర లేదు.

అసలు ఈ హైడ్రోజన్ హరితమేనా అన్నది వేరే ప్రశ్న. మా అమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా చదివింది. ఈ లెక్కలన్నీ ఆమె సరిచూసినవే. నీటిని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. మన గ్రిడ్డులో అధికభాగం బొగ్గు కరెంటు, యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు. ఆ కరెంటు వాడితే కిలో హైడ్రోజన్‌కు 35 కిలోల పైచిలుకు తేలుతుంది. సహజవాయువు నుంచి తీసే పాత పద్ధతిలో తొమ్మిదీ పదీ కిలోలే. పొగ మానడానికని వెళ్ళి మూడు రెట్లు పొగ వదిలినట్టు. కేంద్రం 2023 ఆగస్టులో పెట్టిన ప్రమాణం ప్రకారం కిలో హైడ్రోజన్‌కు 2 కిలోలు మించితే దాన్ని హరితమనకూడదు. ప్రమాణం మంచిదే, అయితే దాన్ని పన్నెండు నెలల సగటు మీద చూస్తారు. ఎండ ఉన్న పగటి లెక్క చూపించి, రాత్రి కరెంటు ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పకపోతే నాలాంటివాడికి అనుమానం పోదు. గంట గంటకూ ఏ కరెంటు వాడారో బోర్డు మీద పెట్టించండి. మా ఐసు ఫ్యాక్టరీలోనే గంటకొకసారి ప్రెషరు చూసి పుస్తకంలో రాసేవాళ్ళము.

ఇక ట్యాంకు.

2013 అక్టోబరు 12 రాత్రి పైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గంటకు రెండు వందల కిలోమీటర్ల గాలి. రేవు దెబ్బతిన్నది, కరెంటు స్తంభాలు పుల్లల్లా విరిగాయి. మా వాడకు కరెంటు తిరిగి రావడానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టడం మానేశాము. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలన్నీ కరిగి తొట్టెలో నీళ్ళయ్యాయి. అక్కడ పోయింది ఐసు మాత్రమే. సున్నా కింద 33 డిగ్రీల్లో ఉంచవలసిన అమ్మోనియా ట్యాంకుకు కరెంటు పోతే, చలి తగ్గిన కొద్దీ లోపలి ద్రవం మరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ట్యాంకుకు రెండు గోడలుంటాయనీ, మధ్యలో చలిని ఆపే పొర ఉంటుందనీ, డీజిలు జనరేటర్లుంటాయనీ, మిగిలిన వాయువును కాల్చివేసే గొట్టం ఉంటుందనీ నాకు తెలుసు. ఇంజనీర్లు నాకన్నా బాగా ఆలోచించే ఉంటారు. నేను అడుగుతున్నది వాళ్ళ సమాధానమే. పది రోజులు కరెంటు లేకపోతే ట్యాంకు ఎలా నిలుస్తుంది? జనరేటరుకు డీజిలు ఎన్ని రోజులకు సరిపడా పెడతారు? రోడ్డు మీద చెట్లు పడి ఉంటే ఆ డీజిలు ఏ దారిన వస్తుంది? తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు ఖాళీ చేస్తారా, నిండా ఉంచుతారా?

పైలిన్ నాడు మీ యంత్రాంగం చేసిన పని మేము మరిచిపోలేదు. సుమారు పది లక్షల మందిని ముందే తరలించారు. అందుకే ప్రాణనష్టం అంత తక్కువగా ఉంది. మా వాడలో మైకు పట్టుకుని తిరిగింది అంగన్‌వాడీ కార్యకర్త. ఆమె ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. తెలుగులో విన్నాకే మా అమ్మ మంచం దిగింది. ఎనభై ఏళ్ళ మనిషి, అప్పటిదాకా సముద్రం నన్నేమీ చేయదని మొండికేసి కూర్చుంది.

తుఫానుకు రెండు మూడు రోజుల వ్యవధి ఉంటుంది. వాయువుకు ఉండదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి ఇళ్ళ మీదికి వచ్చినప్పుడు జనం ఎటు పరుగెత్తాలో తెలియక దారిలోనే పడిపోయారు. మా చుట్టాలు అక్కడ ఉన్నారు, మాకు అది టీవీలో చూసిన వార్త మాత్రమే కాదు. పచ్చి అమ్మోనియా వాయువు గాలి కన్నా తేలికే అయినా, చల్లటి ద్రవం బయటపడితే తడిగాలితో కలిసి బరువెక్కి నేలనంటి పాకుతుంది. మా తీరంలో పగలు సముద్రం మీది నుంచి నేల వైపు గాలి, రాత్రి నేల మీది నుంచి సముద్రం వైపు. అంటే పగలైతే ఒక ఊరికి ముప్పు, రాత్రయితే మరొక ఊరికి. ఏ ఊరివాళ్ళు ఎటు కదలాలో ముందే తెలిసి ఉండాలి కదా.

ఇది నా సొంత కోరిక మాత్రమే కాదు. ప్రమాదకర రసాయనాల తయారీ, నిలవ, దిగుమతి నియమాలు 1989లోనే వచ్చాయి. 14వ నియమం ప్రకారం కర్మాగారం బయట ప్రమాదం పాకితే ఏం చేయాలన్న ప్రణాళిక జిల్లా యంత్రాంగం తయారు చేయాలి. 15వ నియమం ప్రకారం ప్రమాదం తగిలే అవకాశం ఉన్నవాళ్ళకు, ఆ ప్రమాదం ఎటువంటిదో, ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియజేయాలి. తెలియజేయడమంటే గేటు మీద ఇంగ్లిషులో బోర్డు కట్టడం కాదని నా మనవి. ఇంగ్లిషు బోర్డు మా ఐసు ఫ్యాక్టరీకీ ఉండేది. ఆ రాత్రి ఎవరూ దాన్ని చదవడానికి ఆగలేదు.

హరిత హైడ్రోజన్, అమ్మోనియా కర్మాగారాలకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదని 2023లో కేంద్ర పర్యావరణ శాఖ వెసులుబాటు ఇచ్చింది. ఆ అనుమతి దారిలోనే ప్రజాభిప్రాయ సేకరణ ఉండేది. దారి మూసుకుంది కాబట్టి సభ తప్పనిసరి కాదని ఎవరైనా అనవచ్చు. తప్పనిసరి కాకపోయినా పెట్టమని అడుగుతున్నాను. తొంభైల్లో ఇదే నేలను ఉక్కు కర్మాగారం కోసమని తీసుకున్నారు. మొగలి తోటలు పోయాయి, గొడవలు జరిగాయి, ఊళ్ళు కదిలాయి, ఉక్కు కర్మాగారం మాత్రం రాలేదు. మా పెద్దవాళ్ళు ఇప్పటికీ కొత్త ఫ్యాక్టరీ మాట వినగానే ముందు ఆ కథే ఎత్తుకుంటారు. వాళ్ళ నోటికి ఏ కరపత్రమూ తాళం వేయలేదు. ఎదురుగా కూర్చుని చెబితే వింటారేమో.

నీళ్ళ సంగతి. నేను చదివిన పాఠ్యపుస్తకంలో హైడ్రోజన్‌కు ఉదజని అని పేరుండేది. ఉదకమంటే నీళ్ళు కదా. నీళ్ళను పుట్టించేది అని అర్థమట, ఇప్పుడు నీళ్ళలోంచి దాన్నే పుట్టిస్తున్నారు. కిలో హైడ్రోజన్‌కు కనీసం తొమ్మిది లీటర్లు. శుద్ధికీ చల్లబరచడానికీ పోయేది కలుపుకుంటే ఇరవైకి తక్కువ కాదు. జపాన్‌కు పోయే ఆ 4 లక్షల టన్నుల అమ్మోనియాలో హైడ్రోజన్ సుమారు 70 వేల టన్నులు. మా అమ్మాయి లెక్కలో అది రోజుకు 17 లక్షల లీటర్లకు తగ్గదు, అన్నీ కలిపితే దానికి రెండు మూడు రెట్లు. మొదట ఈ అంకె చూసి గుండె ఆగినంత పనైంది. తర్వాత పట్టణాల్లో తలకు రోజుకు 135 లీటర్ల చొప్పున భాగిస్తే, మహా అయితే నలభై వేల మంది ఉన్న ఊరి వాడకం. నేను భయపడినంత లేదు. ఒప్పుకోవాలి.

అయినా ఆ నీళ్ళు ఋషికుల్య నుంచి వస్తాయంటే ఒప్పుకోను. చైత్ర వైశాఖాల్లో ఆ నది ఎలా ఉంటుందో పాలూరు వైపు వెళ్ళి చూడండి. ఇసుక మధ్య నాలుగు పాయలు. దాని మీద పొలాలున్నాయి, బరంపురం గొంతులున్నాయి. ఎదురుగా సముద్రం పెట్టుకుని నది వైపు చెయ్యి చాచడం ఎందుకు? సముద్రపు నీటిని మంచినీరు చేయడానికి వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు అవుతుంది. కిలో హైడ్రోజన్‌కు కావలసిన నీటికి లెక్క వేస్తే యూనిట్‌లో పదో వంతు. ఎలాగూ 50 యూనిట్లు ఖర్చు పెట్టేవాళ్ళకు ఆ పదో వంతు భారం కాదు. నది నీటికి అనుమతి ఇవ్వకండి, సముద్రపు నీటితోనే నడవాలని ఒప్పందంలో రాయించండి.

మంచినీరు తీసుకున్నాక మిగిలే చిక్కటి ఉప్పునీటిని ఎక్కడ వదులుతారన్నది కూడా అందులోనే ఉండాలి. ఋషికుల్య ముఖద్వారం దగ్గర 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. వాటి కోసమని నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ చుట్టుపక్కల సముద్రంలో మాకు వేట నిషేధం. కడుపు మాడినా పాటిస్తున్నాము, పాటించనివాళ్ళ పడవలు పట్టుకుంటున్నారు. వలకు ఉన్న నియమం గొట్టానికీ ఉండాలి.

ఉద్యోగాల గురించి ఎక్కువ రాయను. ఇలాంటి కర్మాగారం కట్టేటప్పుడు వేల మంది కావాలి, నడిచేటప్పుడు కొన్ని వందల మంది చాలు. వేల ఉద్యోగాలని సభల్లో చెప్పకండి, జనం ఆశపడతారు. మా జిల్లా కుర్రాళ్ళు సూరత్ మగ్గాల దగ్గర పన్నెండేసి గంటలు నిలబడుతున్నారు. ఆ వందల్లో కొన్నయినా వాళ్ళకు దక్కాలంటే బరంపురం ఐటీఐలో అమ్మోనియా కంప్రెసర్ పని, నీటిని విడగొట్టే ఎలక్ట్రొలైజర్ పని ఇప్పుడే నేర్పడం మొదలుపెట్టాలి. పాత ఐసు ఫ్యాక్టరీ ఆపరేటర్లు ఈ తీరంలో ఇంకా పాతికమంది దాకా ఉంటాము. పిల్లలకు వాల్వు ఎలా తిప్పాలో, గాలి చూసి ఎటు నిలబడాలో మేము చూపించగలము. జీతం అడగము, బస్సు చార్జీలు ఇస్తే చాలు.

ఒకవేళ సభ పెట్టాలని మీకు అనిపిస్తే, ఏప్రిల్ 15కూ జూన్ 14కూ మధ్య పెట్టండి. ఆ 61 రోజులు తూర్పు తీరమంతా మర పడవలకు వేట ఉండదు, మగవాళ్ళంతా ఇంటి దగ్గరే వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. పొద్దున పదింటికి వద్దు, ఆడవాళ్ళు చేపల గంపలతో బరంపురం వెళ్ళి ఉంటారు. సాయంత్రం నాలుగు దాటాక పెట్టండి. మైకులో ఒడియా తర్వాత తెలుగు ఉండాలి. తెలుగులో చెప్పడానికి మీ దగ్గర మనిషి లేకపోతే ఆ అంగన్‌వాడీ కార్యకర్తను పిలవండి, ఆమె ఇంకా మా వాడలోనే ఉంది.

ఇట్లు,
ఐసు ఫ్యాక్టరీ మాజీ కంప్రెసర్ ఆపరేటరు,
గోపాల్‌పూర్ దగ్గరి ఒక తీర గ్రామం, గంజాం జిల్లా, ఒడిశా